సువార్త ఎడమచెయ్యి

సువార్త చదువు ఇంటర్ మొదటి ఏడాదిలో ఆగిపోయింది. తల్లికి నడుము పడిపోయి ఇంట్లో మనిషి కావలసి వచ్చింది. మానెయ్యమని ఎవరూ అనలేదు, వెళ్లమనీ ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆమెకి ఇరవై రెండు. కరోనాకి కాలేజీలు మూసేసి, ఏలూరులో నర్సింగు చదువుతున్న పిన్ని కూతురు గ్రేస్ బట్టలు సర్దుకుని ఊరొచ్చేస్తే అందరూ అయ్యో అనుకున్నారు. సువార్త కూడా పైకి అయ్యో అనే అంది.

గ్రేస్‌కి రోజూ పదింటికి ఫోన్లో క్లాసు. కొల్లేటి పక్కనున్న ఆ ఊళ్లో, ఇళ్లల్లో సిగ్నల్ నిలబడదు. రొయ్యల చెరువు గట్టు మీదైతే నిండుగా ఉంటుంది. అక్కడ కాపలా షెడ్డు నీడలో ఇద్దరూ కూర్చునేవారు. కుడిచేత్తో ఫోను పట్టుకోవడం సువార్త పని. బీపీ చూడడం నేర్పేటప్పుడు ఎడమచెయ్యి చాపడం కూడా ఆమె పనే. మేడం చెప్పే ప్రతి ముక్కా ఆమెకి గుర్తుండిపోయేది. తెలియనిది ఒక్కటే. చేతికి చుట్టిన పట్టీలో గాలి వదులుతుంటే స్టెతస్కోపులో వినపడుతుందంటారే, ఆ చప్పుడు ఎలా ఉంటుందో! ఒక్కసారి చెవిలో పెట్టుకోనివ్వమని అడగాలని రోజూ అనుకునేది. అడిగితే గ్రేస్ కాదనదు. అడగడమే సువార్తకి చేతకాదు.

"ఎంతుందమ్మా?" అని విజయకుమారి మేడం ఫోన్లో అడిగితే, గ్రేస్ ప్రతిసారీ, "నూట ఇరవై, ఎనభై అండి," అనేది.

నాలుగోరోజు మేడం నవ్వారు. "మీ అక్కది ఒక్క గీతైనా కదలదేంటమ్మా? పుస్తకంలో మనిషా ఏంటి? సోమవారం నువ్వు ఎలా చూస్తున్నావో నేనే చూస్తాను."

క్లాసు అయిపోగానే గ్రేస్ ఏడ్చేసింది. "నాకేం వినపడ్డం లేదక్కా. మొదట్నించీ అంతే. అందరికీ వినపడుతోంది. నా చెవులు దీనికి పనికిరావు. మానేస్తాను."

గ్రేస్ మానేస్తే సువార్తకి ఈ పదింటి క్లాసే ఉండదు. ఆమె చెరువు వంక చూసింది. నాలుగు ఏరియేటర్ల మోటార్లూ రొదపెడుతూ నీళ్లు చిలుకుతున్నాయి.

"ఒసే గ్రేసూ, లే. ఇంటికి పద."

ఇంట్లో తలుపు వేసి, ఫ్యాను ఆపి, చెయ్యి చాపింది. గ్రేస్ గాలి కొట్టి మెల్లగా వదిలింది. వదులుతూ వదులుతూ కళ్లు పెద్దవి చేసింది.

"అక్కా! కొడుతోంది! టప్ టప్‌మని! నూట నాలుగు!"

సువార్త కుడిచెయ్యి స్టెతస్కోపు వైపు కొంచెం సాగింది. ఈలోగా గ్రేస్ దాన్ని మెడలో వేసుకుని, "అమ్మా, నాకు వినపడిందే!" అంటూ వీధిలోకి పరిగెత్తింది. సాగిన చెయ్యి వెనక్కొచ్చి పట్టీ విప్పుకుంది.

కానీ మేడంకి చూపించాల్సింది గట్టు మీదే. పరాయి మగవాళ్ల ముందు తలెత్తని సువార్త, సోమవారం పొద్దున్న చెరువు కాపలా తాతారావు ముందు నిలబడింది.

"బాబాయి గారండీ, పదింటికి ఓ ఐదు నిమిషాలు మోటార్లు ఆపుతారా అండీ?"

"రొయ్యలకి ఊపిరాడద్దా? తేలిపోతే మీ మేడం వచ్చి సూది వేస్తుందా?"

"ఎండ బాగా కాస్తోంది కదండీ. మబ్బు రోజైతేనే నీళ్లలో గాలి చాలదని మొన్న మీరే అన్నారండి."

తాతారావు ఎగాదిగా చూశాడు. "నీకు నోరుందని ఇవాళే తెలిసిందమ్మాయ్," అంటూ స్విచ్చుల వైపు నడిచాడు.

మోటార్లు ఆగాయి. ఎక్కడో నీటికోళ్ల అరుపు వినపడింది. సువార్త పట్టుకున్న ఫోన్లోంచి, మిషను మీద ముల్లు ఎక్కడ అదురుతోందో మేడం చూస్తూనే ఉన్నారు.

"నూట ఆరు, అరవై ఎనిమిదండి," అంది గ్రేస్.

"సరిగ్గా చూశావా? ఇంకోసారి చూడు."

"అంతేనండి మేడం." గొంతు తొణకలేదు.

"ఇప్పుడు నర్సులా చెప్పావు."

ఆ రోజు నుంచి క్లాసులో ముందు నోరు తెరిచేది గ్రేసే. మూడు వారాలకి కాలేజీ తెరిచారు.

గుండుగొలను సెంటర్లో, హైవే పక్కన ఏలూరు బస్సు కోసం నిలబడ్డారు. గ్రేస్ సంచీ సువార్త చేతిలో ఉంది. పైజేబులోంచి స్టెతస్కోపు గొట్టం బయటికి వేలాడుతోంది.

"గ్రేసూ, ఒక్కసారి చెవిలో పెట్టుకోనా?"

గ్రేస్ తెల్లబోయింది. "ఇన్నాళ్లూ అడగలేదేంటక్కా!" అంటూ తనే తీసి అక్క చెవుల్లో పెట్టి, బిళ్లని ఆమె గుండె మీద ఆనించింది.

సువార్త ఊపిరి బిగబట్టింది. చేపల లారీ ఒకటి వెళ్లింది. దాని వెనకే ఇంకొకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. తన గుండె మాత్రం ఎక్కడా దొరకలేదు.

"వినపడుతోందా?"

"ఆఁ."

"ఎలా ఉంది?"

సువార్త నవ్వింది. "నూట ఇరవై, ఎనభై."

పకపకా నవ్వబోయిన గ్రేస్ సగంలో ఆగిపోయింది. ఇంతలో బస్సు వచ్చేసింది. "క్రిస్మస్‌కి వస్తాగా అక్కా, తలుపేసుకుని విందాం!" అని మెట్టు మీంచి అరిచింది.

బస్సు కనుమరుగయ్యేదాకా సువార్త అక్కడే ఉంది. చెవుల్లో ఆ రబ్బరు ఒత్తిన చోటు ఇంకా నొక్కుతున్నట్టే ఉంది. అది పోతుందేమోనని చున్నీ చెవుల మీదికి లాక్కుని ఇంటిదారి పట్టింది.