ఫ్రెంచి మేస్త్రి, మా అన్నయ్య చేసిన పొట్టి కుర్చీ

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక కుర్చీ బొమ్మ చూపించింది. ఎక్కడో ప్యారిస్‌లో, ఎవరూ కూర్చోకుండా చుట్టూ తాడు కట్టి పెట్టారట. ముందుకాళ్ళు సన్నటి ఇనుపగొట్టాలు, వెనకకాళ్ళు మాత్రం రేకు వంచి చేసిన లావుపాటివి. చూడగానే నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. “ఏటి అమ్మమ్మా, కుర్చీని సూసి ఏడుస్తన్నావు?” అని ఆ గుంట కంగారుపడింది. దానికేం చెప్పను? మన ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మా అన్నయ్య చోడవరం బస్టాండు దగ్గర వడ్రంగి కొట్టులో మంచాలూ తలుపులూ చేసేవాడు, నేను ఇంట్లో ముక్కాలిపీట మీద కూర్చుని పొద్దస్తమానం మిషను కుట్టేదాన్ని. అన్నయ్య చేత బీరువా చేయించుకున్న ఇంజినీరుగారొకాయన పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి ఇచ్చాడు. అందులో ఫ్రాన్సు దేశపు ఆయన ఒకడు, కమ్మరిపని నేర్చి పైకొచ్చినవాడట, బడిపిల్లల కోసం రేకునీ చెక్కనీ కలిపి ఇలాంటి కుర్చీలే చేస్తూ, చేసినదాన్ని విప్పి మళ్ళీ మార్చి చేస్తూ ఉన్న బొమ్మలున్నాయి. అంతే, అన్నయ్యకి పిచ్చి పట్టుకుంది. ఆయనెవరో అనకాపల్లిలో ఉన్నట్టు “మా ఫ్రెంచి మేస్త్రి” అనేవాడు. “మనిషి బరువంతా ఎనక కాళ్ళ మీదే పడతాదే, బలం అక్కడుండాల” అని చెబుతుంటే, నేను వినీ విననట్టు కుట్టుకుంటూ ఉండేదాన్ని.

పాత డ్రమ్ముల రేకు తెచ్చి వంచేవాడు. మొదటిది అతుకు దగ్గర చీలిపోయింది. రెండోది అమ్మ కూర్చోగానే చతికిలబడింది, వారం రోజులు ఆవిడ తిట్లు ఇల్లంతా విన్నాం. అస్తమానం నా టేపు పట్టుకుపోయేవాడు, నేను కుడుతుంటే దారం ముక్క పట్టుకుని నా వెనకాలే తచ్చాడేవాడు, నేను విసుక్కునేదాన్ని. చివరికి ఒక కుర్చీ నిలబడింది గానీ మరీ పొట్టిది. ఆరడుగుల మనిషి రోజూ సాయంత్రం అరుగు మీద అందులో కూర్చుని చూసుకునేవాడు. “ఏట్రా, గుంటల బడికి సేసేవా? మోకాళ్ళు గెడ్డానికి తగుల్తన్నాయి” అని అమ్మ ఏడిపించేది. “ఇంకా కుదరాలమ్మా” అని నవ్వి, మళ్ళీ చిత్రిక పట్టేవాడు.

ఆ ఏడే పచ్చకామెర్లు వచ్చి పది రోజుల్లో పోయాడు.

పోయినవాళ్ళు వాడిన మంచమూ కుర్చీ ఇంట్లో ఉంచకూడదని మా ఇళ్ళలో ఆనవాయితీ. పదకొండో రోజున, కె.కోటపాడు వైపు వెళుతున్న ఎడ్లబండి అతన్ని ఆపి, ఆ కుర్చీని నా చేతులతోనే ఎత్తి ఇచ్చేశాను.

నెల తరవాత పనిముట్ల సంచీ సర్దుతుంటే అన్నయ్య నోటుపుస్తకం దొరికింది. అందులో ఆ కుర్చీ బొమ్మ, పైన వంకరటింకర అక్షరాలతో “చెల్లి మిషను కుర్చీ” అని. మడమ నుంచి నా మోకాలి మడత దాకా ఎత్తు, నా వీపు కొలత, అన్నీ ఉన్నాయి. కింద, “నడుం కాడ ఇంకా వంపు కావాల, పీట మీద నొప్పంటంది” అని రాసుకున్నాడు. రోజూ అందులో కూర్చున్నది తను వాడుకోడానికి కాదు, నాకోసం సరిచూడ్డానికే. మూడుసార్లు కోటపాడు వెళ్ళి ఆ బండి కోసం కనపడ్డవాళ్ళందర్నీ అడిగాను. దొరకలేదు.

ఇప్పుడు కుర్చీలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, నాలుగు మరలు బిగిస్తే చాలు, పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ ఒకటే ఎత్తు. బాగానే ఉన్నాయి, కాదనను. నా నడుం నొప్పి మాత్రం అలాగే ఉంది. ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి కొలతలు తీసి జాకెట్లు కుట్టినదాన్ని. నాకు కొలతలు తీసినవాడు మా అన్నయ్య ఒక్కడే, అప్పుడు కూడా టేపు ఇచ్చెయ్యమని కసిరాను.