రక్తపిశాచి నవలా, మలేరియా ఆయనా

నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న రోజుల్లో తిరువూరులో మా ఈడు ఆడపిల్లలందరూ ఒక శవాన్ని ప్రేమించారు.

మామూలు శవం కాదు. రెండు వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన జమీందారుగారి అబ్బాయి. చచ్చినవాడు చచ్చినట్టు ఉండకుండా ఒక కొండ మీద పాడుబడ్డ బంగళాలో ఉంటాడు. మనుషుల రక్తం తాగి బతుకుతాడు. తెల్లగా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ బట్టల్లో ఉంటాడు. అలాంటివాడు కాలేజీకి వెళ్ళే పదిహేడేళ్ళ పిల్లని చూసి మనసు పారేసుకుంటాడు. ఊళ్ళో అందరి రక్తమూ తాగుతాడు గాని ఆ పిల్లది మాత్రం తాగడు. అదీ ప్రేమ. ఈ ఒక్క ముక్క చెప్పడానికి మూడు వందల పేజీలు.

బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే షాపులో ఆ నవల ఒకే ఒక్క కాపీ ఉండేది. అది షాపులో ఉన్న రోజు నేనెరగను. న్యూస్‌పేపరు అట్ట వేసుకుని, దాని మీద జువాలజీ నోట్సు అని రాయించుకుని, ఒక సంచీలోంచి ఇంకో సంచీలోకి తిరుగుతూనే ఉండేది. ఇంత శ్రద్ధగా ఏ పాఠ్యపుస్తకానికీ అట్ట వేసిన పిల్లని నేను చూడలేదు.

నా వంతు ఒక ఆదివారం వచ్చింది. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, సాయంత్రానికల్లా పూర్తి చేశాను. చదవకుండా తిట్టానని ఎవరూ అనకూడదు కదా. రెండు వందల ఏళ్ళు బతికినవాడికి పదిహేడేళ్ళ పిల్లతో మాట్లాడ్డానికి ఏముంటుంది? ఆ సందేహం రాసినవాడికీ రాలేదు, చదివినవాళ్ళకీ రాలేదు. ఆ పిల్ల పడుకుంటే కిటికీ పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. దాన్ని అందరూ ఆరాధన అన్నారు. మా వీధిలో ఎవడైనా అలా కిటికీ దగ్గర నిలబడి ఉంటే కరెంటు స్తంభానికి కట్టేసి ఉండేవాళ్ళు.

మా నాన్న స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తెల్లవాళ్ళ దయ్యమే. అక్కడ శిలువ చూస్తే పారిపోతుంది. ఈయన శిలువ తీసేసి తులసికోట పెట్టాడు" అని నవ్వి ఇచ్చేశారు. ఆ లెక్కన ఆ జమీందారు మా ఇంట్లోకీ రాలేడు, పక్కింట్లోకీ రాలేడు. మా గోడకి శిలువ ఉంది, వాళ్ళ పెరట్లో తులసి ఉంది.

పక్కిల్లు అంటే నా స్నేహితురాలి ఇల్లు. వాళ్ళకి గంపలగూడెం వైపు పొలాలు ఉండేవి. వాళ్ళ నాన్న తిరువూరులో ఎరువుల షాపు పెట్టి కుటుంబాన్ని తీసుకొచ్చాడు. మేమిద్దరం ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. వాళ్ళమ్మని నేను పిన్నీ అనేదాన్ని. అందరిలోకీ ఆ నవల పిచ్చి బాగా తలకెక్కింది దానికే. నాలుగుసార్లు చదివింది. నాన్న అన్న మాట నేను చెప్పాక, తులసికి నీళ్ళు పోయడం మానేసింది. పిన్ని అడిగితే మర్చిపోయానంది. అది ఎండి చస్తే జమీందారుకి దోవ సుగమమవుతుందని కాబోలు.

ఆ వానాకాలం దానికి నిజంగానే ఒకసారి జ్వరం వచ్చింది.

అప్పట్లో పదిహేను రోజులకోసారి మలేరియా ఆయన ఇంటింటికీ వచ్చేవాడు. ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడిగి, ఉందంటే ఎడమచేతి వేలు సూదితో గుచ్చి, గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుని, నాలుగు మాత్రలు తన ఎదురుగా మింగించి, గోడ మీద గీసిన గళ్ళలో తేదీ వేసి వెళ్ళేవాడు. ఆ గాజుపలకని స్లైడు అనేవాళ్ళు. అంతకుముందు వచ్చేది ఒక ముసలాయన, ముక్కుపొడుం పీల్చి మన చెయ్యి పట్టుకునేవాడు. ఆయన రిటైరయ్యాక కొత్తవాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. సన్నగా, తెల్లగా, పొడుగ్గా ఉన్నాడు. ఆ తెల్లదనం రక్తం లేకపోవడం వల్ల వచ్చిందని ఇప్పుడైతే ఎవరైనా చెబుతారు. అప్పుడు చెప్పినా వినేవాళ్ళు లేరు.

పక్కనే ఉన్నాను గనక ఆ మొదటిరోజు జరిగినది నాకు బాగా గుర్తు. ఆయన సైకిలు స్టాండు వేసి, సంచీలోంచి స్పిరిటు సీసా తీసి, "చెయ్యి ఇవ్వమ్మా. భయపడకు, ఒక్క చుక్కే" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక అది నా భుజం పట్టుకుని ఊపేసింది. "విన్నావా? ఒక్క చుక్కే అన్నాడు!"

"అమ్మా అని కూడా అన్నాడు, అది వినపడలేదా?" అన్నాను.

వినపడలేదు. వినపడాల్సినవి వినపడకపోవడమే ఆ జబ్బు లక్షణం.

అప్పటినుంచి పదిహేను రోజులకోసారి దానికి జ్వరం. ఆయన మా వీధికి ఉదయం ఎనిమిదింటికి వచ్చేవాడు. ఆ వేళకి పిన్ని పెరట్లో గేదెల దగ్గర ఉండేది. ఆయన బెల్లు వినగానే ఇది దుప్పటి కప్పుకుని అరుగు మీదికి వచ్చి కూర్చునేది. నేను సాక్షిని. "నిన్న ఒళ్ళు కాలిపోయిందండీ" అనాలి. నేను అనేదాన్ని. ఎందుకన్నావని అడిగితే, స్నేహితురాలు గనక అని చెబుతాను. అది పూర్తి జవాబు కాదని ఇప్పుడు తెలుసు.

ఆ మాత్రలు ఎంత చేదో మింగినవాళ్ళకే తెలుస్తుంది. నాలుక మీద పెట్టగానే కడుపులోంచి తన్నుకొస్తుంది. ఇది లేని జ్వరానికి నాలుగేసి మాత్రలు, ఆయన కళ్ళలోకి చూస్తూ, అమృతంలా మింగేది. ఆ రోజంతా చెవుల్లో గుయ్యిమనేది, అన్నం సహించేది కాదు. చిక్కిపోయింది. పిల్ల ఎందుకిలా అయిపోతోందో తెలియక పిన్ని నెమలి అనే ఊళ్ళో ఉన్న వేణుగోపాలస్వామికి మొక్కుకుంది.

"నా రక్తం ఆయన దగ్గరుందే" అందొకరోజు.

"ఆయన దగ్గరెందుకుంటుంది? లాబ్‌కి పంపేస్తాడు. అక్కడెవరో భూతద్దం కింద పెట్టి చూసి కడిగి పారేస్తారు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మధ్యలో నాకు మలేరియా వచ్చింది. నిజం మలేరియా. మూడు బొంతలు కప్పినా మంచం గడగడలాడింది. మలేరియా ఆయన వచ్చి నా వేలూ గుచ్చాడు. పది రోజులకి రిజల్టు వచ్చింది, పాజిటివ్ అని. ఆ తర్వాత ఐదు రోజులు వరసగా ఇంటికొచ్చి మాత్రలు మింగించాడు. ఆ ఐదు రోజుల్లో ఆయన చూసిన నా అందం ఏమిటంటే, ఒక చేతిలో సత్తు గిన్నె, అందులో నా వాంతి. "మింగమ్మా, మళ్ళీ కక్కితే మళ్ళీ ఇస్తాను" అనేవాడు. ప్రేమకథల్లో ఈ వాక్యం రాదు.

నా స్నేహితురాలు నా మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "నీకెంత అదృష్టమే! ఐదు రోజులు!" అంది. ఒంట్లో ఓపిక ఉంటే ఆ గిన్నె దాని నెత్తిన బోర్లించేదాన్ని.

నేను లేచి తిరుగుతున్న కొన్నాళ్ళకి, ఒక ఉదయం మలేరియా ఆయనతో పాటు వాళ్ళ ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు. లావుపాటి మనిషి, చంకలో రిజిస్టరు. సరాసరి పక్కింటి గుమ్మం ముందు ఆగాడు. నేను మా అరుగు మీదే ఉన్నాను. మలేరియా ఆయన సైకిలు పట్టుకుని తలొంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు పిన్నిని పిలిపించారు. పేడచేతులతోనే వచ్చింది.

"మీ ఇంట్లో మూడు నెలల్లో ఆరు స్లైడ్లు తీసినట్టుందమ్మా. ఆరూ ఒక్క మనిషివే. మీ అమ్మాయికి ఆరుసార్లు జ్వరం వచ్చిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆరుసార్లేంటండీ! వానలు మొదలైనప్పుడు ఒక్కసారి వచ్చింది, అంతే. పెళ్ళి కావాల్సిన పిల్ల. లేని జబ్బులు అంటగట్టకండి."

ఇన్‌స్పెక్టరు మలేరియా ఆయన వైపు తిరిగాడు. "ఊరంతా తిరగలేక ఒకే వేలు ఆరుసార్లు పొడిచి కోటా నింపుతున్నావన్నమాట. నిన్ను ఇంటికి పంపిస్తా, తెలుసా?"

"లేదు సార్. జ్వరమని చెబితేనే తీశానండి."

"ఎవరు చెప్పారు?"

ఆయన తలెత్తి తలుపు వైపు చూశాడు. తలుపు వెనక దాని ఓణీ అంచు కనపడుతూనే ఉంది. ఆయన చూసి, కళ్ళు దించుకున్నాడు. అది బయటికి రాలేదు. నవల్లో ఆ పిల్ల ప్రియుడి కోసం తన గొంతు తనే అందిస్తుంది. ఆ పేజీ చదివినప్పుడల్లా ఏడ్చే మనిషికి, ఒక్క మాట అనడానికి గొంతు రాలేదు.

"మేం చెప్పామండి" అన్నాను. లేచి నిలబడ్డాను. "జ్వరమని అదీ నేనూ కలిసి చెప్పాం. అబద్ధం చెప్పాం. ఆయన తప్పేం లేదు."

పిన్ని నన్ను చూసిన చూపు ఇప్పటికీ ఒంటి మీద ఉంది.

"ఎందుకు చెప్పారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఏం చెప్పను? ఈయన్ని చూసి ఆ పిల్ల రక్తం తాగే జమీందారనుకుంది అని చెప్పనా? "మాత్రల కోసమండి" అన్నాను.

"ఈ మాత్రల కోసమా!" అని ఆయన పెద్దగా నవ్వాడు. అంత నవ్వులోనూ రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు. పిన్ని తలుపు వేసేసింది.

మలేరియా ఆయన ఉద్యోగం పోలేదు. ఎ.కొండూరు వైపు ఊళ్ళకి మార్చారు. వెళ్ళేముందు మా వీధికి రాలేదు. ఎందుకొస్తాడు?

నా స్నేహితురాలు నాతో మాట్లాడ్డం మానేసింది. బెంచీ మారింది. నెల తర్వాత కాలేజీ కుళాయి దగ్గర ఎదురుపడి ఒక్క మాట అంది. "నువ్వు చెప్పింది నిజం కోసం కాదులే. ఆయన కోసం."

"సిగ్గులేదూ నీకు?" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన వచ్చే రోజుల్లో నేను ఏడున్నరకల్లా జడ వేసుకుని, పుస్తకం పట్టుకుని అరుగు మీద ఉండేదాన్ని. చదువుకోవడానికే అనుకునేదాన్ని. మిగతా పధ్నాలుగు రోజులు లోపల చదువుకునేదాన్ని. ఊళ్ళో పిల్లలందర్నీ ఎగతాళి చేసి, పుస్తకాన్ని చీల్చి చెండాడిన మేధావి సంగతి అది. వాళ్ళకి కనీసం తాము ఏం చేస్తున్నామో తెలుసు.

చలికాలం మొదట్లో దానికి మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి నిజం. అప్పటికి కొత్త మలేరియా ఆయన వచ్చాడు, మళ్ళీ ఇంకో ముసలాయనే. ఆయన బెల్లు కొడితే పిన్ని తలుపు సందులోంచే, "మా ఇంట్లో జ్వరాలేం లేవు" అని పంపించేసేది. పరువు. లోపల పిల్ల వణుకుతుంటే బయట పరువు కాపలా కాసింది. ఎవరో ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్లు పొడిచి వెళ్ళేవాడు. రోజు విడిచి రోజు గోడ అవతల ఆ మంచం చప్పుడు నాకు వినపడేది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

మూడో వారంలో ఇక ఆగలేక ప్రభుత్వాసుపత్రికి నడిచివెళ్ళి చెప్పాను. మర్నాడు ముసలాయన్ని నేనే వెంటబెట్టుకుని వాళ్ళ తలుపు కొట్టాను. పిన్ని తీసింది. నన్ను తిడుతుందనుకున్నాను. "రా" అని పక్కకి జరిగింది. ఆవిడ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

మంచంలో అది నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. జుట్టు సగం ఊడిపోయింది. ముసలాయన వేలు గుచ్చగానే "అబ్బా, నొప్పి" అని ఏడ్చింది. నేను వెళ్ళి గిన్నె పట్టుకున్నాను. అది కక్కింది. నేను నోరు తుడిచాను. మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోవడం మొదలైంది అక్కడ. క్షమాపణలేవీ జరగలేదు.

సంక్రాంతి దాటేసరికి లేచి తిరిగింది. ఇంటర్ తప్పింది. రెండేళ్ళకి పెళ్ళయింది. మొగుడికి పత్తి వ్యాపారం, నల్లగా, బొద్దుగా ఉండేవాడు. సుఖంగానే చూసుకున్నాడు. నేను టీచర్ ట్రైనింగుకి వెళ్ళాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎ.కొండూరులో బస్సు కోసం నిలబడి ఉంటే మలేరియా ఆయన కనిపించాడు. భార్యా, చంకలో పాపా. నన్ను గుర్తుపట్టి ఆగాడు.

"మళ్ళీ ఎప్పుడైనా జ్వరం వచ్చిందా అమ్మా?"

"లేదండి."

"మంచిది. దోమతెర వాడుతున్నారుగా?"

వాడుతున్నామన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. దాని సంగతి అడగలేదు. నన్ను గురించి కూడా జ్వరం తప్ప ఇంకేమీ అడగలేదు.

తర్వాతి సెలవుల్లో అది పుట్టింటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. నీ గురించి అడగలేదు అన్న ముక్క నొక్కి మరీ చెప్పాను. అది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది.

"లావయ్యాడా?" అంది.

"కొంచెం" అన్నాను.