ఫంక్షన్ హాలు చంద్రుడు

నేను ఏ పెళ్ళికి పోయినా, నా చేతిలో అక్షింతల కన్నా ముందు ఎవరివో కళ్ళద్దాలు పడతాయి. "జర ఈ స్క్రూ చూడు తమ్మీ, ఊడుతాంది." సరిగ్గా తాళి కట్టే సమయానికి నేను కుర్చీల కింద ఆ స్క్రూ వెతుకుతూ ఉంటాను. మా బంధువుల పెళ్ళి వీడియోలన్నింటిలోనూ నా వీపు చాలా బాగా వచ్చింది.

నిజానికి నేను కళ్ళద్దాలు బాగుచేసేవాణ్ణి కాను. ఆప్టోమెట్రిస్టుని. అంటే చూపు కొలిచి, పవర్ రాసి, జబ్బుంటే పట్టుకుని డాక్టరు దగ్గరికి పంపేవాణ్ణి. కోసేది డాక్టరు, "ఇది బాగుందా, అది బాగుందా" అని విసిగించేది నేను. హనుమకొండలో ఒక కంటి దవాఖానలో చాలా ఏళ్ళుగా ఇదే నా విసిగింపు.

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఏడు, దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజుల్లో, సరళాబాయి గారు వచ్చారు. వరంగల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళది. తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం. ఆమె మాత్రం పుట్టింది పరకాలలో, తిట్టేది తెలుగులో. వెంట కొత్త కోడలు నేహా ఉంది. సరళాబాయి గారి భర్త మోహన్‌లాల్ గారు బయట బెంచీ మీద కూర్చున్నారు. నిరుడు గుండెపోటు వస్తే స్టెంటు వేశారట. మా మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటున్నారు.

"నా కండ్లకేం కాలే భయ్యా" అని మొదలుపెట్టారామె. "అరవై దాటినయ్, అయినా సూదిల దారం ఎక్కిస్తా. ఇదివరకు అద్దాలు లేకుంటె పేపరు చదవకపోయేదాన్ని. ఇప్పుడవి అల్మారాల పడ్డయ్. కండ్లు వాటంతటవే మంచిగైనయ్."

మా వృత్తిలో ఇంత శుభవార్త వింటే అనుమానం వస్తుంది. దీన్ని సెకండ్ సైట్ అంటారు. శుక్లం ముదిరేటప్పుడు కంటిలోపలి లెన్సు గట్టిపడి మైనస్ పవర్ తెచ్చుకుంటుంది. కొన్నాళ్ళు దగ్గరివి అద్దాలు లేకుండానే కనిపిస్తాయి. దూరపు చూపు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్న సామెత నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఎదుటి చార్టులో పై రెండు వరుసలు దాటి ఆమె చదవలేకపోయారు. "అచ్చు సరిగ్గ పడలేదు, బోర్డు మార్పియ్యుండ్రి" అని మాకే సలహా ఇచ్చారు.

"కళ్ళు మంచిగుంటే మరి ఎందుకొచ్చినట్టమ్మా?" అన్నాను.

నేహా ఏదో చెప్పబోయింది. ఆమె చెయ్యెత్తి ఆపారు. "కర్వా చౌత్ ఎర్కనా నీకు?"

తెలుసు. వాళ్ళ ఆడవాళ్ళు భర్త ఆయుష్షు కోసం పొద్దు పొడవక ముందు నుంచీ మంచినీళ్ళయినా ముట్టకుండా ఉంటారు. చంద్రుడు వచ్చాక డాబా ఎక్కి, జల్లెడలోంచి ముందు ఆయన్ని, తర్వాత భర్తను చూసి, చంద్రుడికి నీళ్ళు పోసి మొక్కి, భర్త చేతి నీళ్ళతో ఉపవాసం విడుస్తారు. మన అట్లతద్దికి ఉత్తరాది అక్క అనుకోవచ్చు. అట్లు మాత్రం ఉండవు.

"మూడేండ్ల సంది చంద్రుడు నాకు అందరికన్న ముందుగాల కనబడ్తాండు. పక్కింటోళ్ళు ఇంకా ఎదురుచూస్తాంటె నాది తినుడు గుడ అయిపోయేది. దేవునికి నా మీద దయ ఉన్నదనుకున్న. మొన్న ఈ పిల్లకు మా ఇంట్ల మొదటి పండుగ. నా పక్కన నిలబడి, 'మమ్మీజీ, అది చంద్రుడు కాదు, ఫంక్షన్ హాలు మీది లైటు' అన్నది."

"మెల్లగనే అన్న" అంది నేహా.

"మెల్లగంటె పక్క డాబా మీదోళ్ళు ఎట్ల నవ్విన్రు?"

నవ్వు ఆపుకోవడం మా కోర్సులో నేర్పరు. నేను లేచి గదిలో లైట్లు తీసేసి, వరండా చివర ఒక చిన్న బల్బు వెలిగించాను. ఏం కనిపిస్తోందని అడిగాను.

"గుండ్రంగ... ఇంత పెద్దగ. గిదే. అచ్చం గిట్లనే ఉండె."

పరీక్ష కోసం పెట్టే బరువైన కళ్ళజోడు ఒకటుంటుంది, ట్రయల్ ఫ్రేము. అది పెట్టి, మైనస్ అద్దాలు ఒక్కొక్కటే వేస్తూ పోయాను. ఆమె చంద్రుడు కొంచెం కొంచెంగా చిక్కిపోయాడు.

"బల్బు" అన్నారామె. ఫ్రేమును వేలితో పైకెత్తి, కిందికి దించి, మళ్ళీ చూశారు. తర్వాత, "ఎప్పటి సంది చెడ్డయ్ నా కండ్లు? నిరుటికన్న ముందుగాల్నా, తర్వాతనా? గదొక్కటి చెప్పు. ఆపరేషన్ సంగతి తర్వాత మాట్లాడుదాం."

ఆమె చూపు కోసం రాలేదని అప్పటికి నాకు అర్థమైంది. గుండెపోటుకు ముందు తాను మొక్కింది చంద్రుడికా, ఫంక్షన్ హాలుకా? లైటుకే అయితే, ఆ గుండెపోటు తన వల్లనే. ఆమె వెనక నుంచి నేహా నాకు ఒకటే సైగలు: ఈ ఏడే అని చెప్పు, ఈ ఏడే.

శుక్లం మెల్లమెల్లగా వస్తుంది, మొదలైన రోజు ఏ మిషనూ చెప్పలేదు. అదే చెప్పాను. చెప్పి ఊరుకోక, "స్టెంటు వేసిన డాక్టరు చంద్రుడి గురించి ఏమన్నా అడిగాడా?" అన్నాను.

"సిగరెట్ల గురించి అడిగిండు."

"మరి?"

"సిగరెట్లు ముప్పై ఏండ్ల సంది తాగుతాండ్రు. ఏం కాలే. అప్పుడు నాకు చంద్రుడు సరిగ్గ కనబడెటోడు."

నేను కేసు షీటులో పవర్ రాసుకోవడం మొదలుపెట్టాను.

తలుపు దగ్గర అలికిడైంది. మోహన్‌లాల్ గారు. అంతా విన్నట్టే ఉన్నారు. "ఆ పిలగాన్ని ఎందుకు సతాయిస్తవు సరళా? మూడేండ్ల సంది అది లైటే. నాకెర్క."

ఆమె ట్రయల్ ఫ్రేముతో సహా ఆయన వైపు తిరిగారు. "మీకెట్ల ఎర్క?"

"నీ ఎదురుంగనే ఉంటి కద. నా కండ్లు మంచిగనే ఉన్నయ్." లోపలికి వచ్చారు. "మొదటేడు చెప్దామనే అనుకున్న. చంద్రునికి ఇంకా టైముండె. నీ పెదవులు ఎండిపోయినయ్, మాట గుడ సరిగ్గ వస్తలేదు. నువ్వేమో లైటుకు దండం పెడ్తివి. పోనీ, నీళ్ళు తాగుతది కద అని గ్లాసు అందిచ్చిన. నువ్వు కిందికి పోయినంక, చంద్రుడు రాంగనే నీ తరఫున నేనే నీళ్ళు పోసి మొక్కిన. ప్రతి ఏడు మొక్కిన."

నేహా చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. నేను లెన్సుల పెట్టె సర్దాను, అందులో సర్దాల్సిందేమీ లేకపోయినా. గిన్నె మీద రూపాయి తగ్గించని వ్యాపారి, ఇంత మాట ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నాడు. ఇంటికి పోగానే మా ఆవిడకు చెప్పాలనుకున్నాను. చెబితే ఏమేం పోలికలు వస్తాయో తలచుకుని మానుకున్నాను.

తర్వాత ఆమె రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది, చూపు బాగా వచ్చింది. చూపు ఎంతుందో కొలిచే సామాను నా దగ్గర చాలానే ఉంది. మనిషి దేని కోసం చూస్తున్నాడో అడగాలని మాత్రం ఆ కేసుతోనే తెలిసింది. ఇప్పుడు కుర్చీలో ఎవరు కూర్చున్నా, ఏం కనిపించడం లేదని కాక, ఏం చూడాలని ఉందని ముందు అడుగుతాను.

ఆ రోజు మాత్రం, భర్త మాటకు ఆమె కరిగిపోతారనే నేననుకున్నాను. ఆమె ట్రయల్ ఫ్రేము తీసి నా చేతిలో పెట్టారు. అంతదాకా ఆయన్ని 'మీరు' అంటున్న మనిషి.

"ఉపాసం నాది, దాహం నాది" అన్నారు. "తీర్చుమని నిన్ను నేనడిగిన్నా?"