నున్నటి గోడల గూడు

శంషాబాద్‌లో సరుకు గోదాముల వెనక ఉన్న ఒక షెడ్డులో ఘియాసుద్దీన్ పదిహేనేళ్లు పనిచేశాడు. విమానంలో వెళ్లే యంత్రభాగాలకు చెక్కపెట్టెలు కట్టడం ఆయన పని. పెట్టె లోపలి గోడను అరచేత్తో నిమిరితే ఒక్క పేడు కూడా గుచ్చుకోకూడదన్నది ఆయన నియమం.

మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉండవలసి వచ్చాక, జామచెట్టు పక్కన ఇంటి గోడకు పిట్టల కోసం ఒక గూటిపెట్టె చేసి తగిలించాడు. షెడ్డు నుంచి తెచ్చుకున్న చెక్కలో, పురుగు చావడానికి మందుపొగ పట్టించినదాన్ని పక్కన పెట్టి, వేడితో శుద్ధి చేసినట్టు ముద్ర ఉన్నదే ఎంచుకున్నాడు. పిట్ట దూరే రంధ్రం వ్యాసం ఐదు సెంటీమీటర్లు. అడుగు నుంచి దాని ఎత్తు ఇరవై. లోపలా బయటా చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దాడు.

మార్చిలో పెద్ద నల్లంచి పిట్టల జంట అందులో చేరింది. ఏప్రిల్ రెండున పిల్లల కూత వినిపించింది. పదిహేను రోజులకు అవి గూడు విడవాలని చదివి తెలుసుకున్న ఘియాసుద్దీన్, క్యాలెండరులో రోజుకొక గీత పెట్టాడు.

పద్దెనిమిదో గీత పడినా ఒక్కటీ బయటికి రాలేదు. పెద్దపిట్టలు ముక్కున పురుగులతో జామకొమ్మ మీదే కూర్చుని పిలుస్తున్నాయి. లోపలికి వెళ్లడం దాదాపు మానేశాయి. పెట్టెలోంచి గోళ్లు జారుతున్న గీరుడు, వెంటనే మెత్తగా పడిన చప్పుడు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఆకలితో ఉంటే పిల్లలు దక్కవు. మూత తీస్తే పెద్దవి బెదిరి తిరిగిరావేమోనన్న భయం.

ప్రహరీగోడ అవతల, తన ఇంటి మెట్ల మీద నిలబడి కోళ్లకు నూకలు చల్లుతున్న జంగమ్మ ఇటు చూసింది.

"ఏంది ఘియాసన్నా, పొద్దుగాల్నుంచి గట్లనే నిలబడ్డవ్?"

"పిల్లలు బయటికొస్తలేవక్కా. లోపల ఎక్కబోయి పడుతున్నయ్."

"పట్టు దొరకక. నీ చేతిపని నాకు ఎర్కలేదా? నువ్వు చేసిచ్చిన పీట మీద నేనే జారుతున్న!"

ఆయన నవ్వలేదు. "నున్నగ లేకుంటె వాటికి గుచ్చుకోదా?"

"మరి గోళ్లెందుకున్నయన్నా వాటికి? నీ మిషన్లు పెట్టెల పడి ఉంటయ్. ఇవి ఎక్కి రావాలె గద!"

ఘియాసుద్దీన్ లోపలికెళ్లి రంపం తెచ్చాడు. తర్వాత చిత్రిక పట్టని బద్దను ఇరవై నాలుగు సెంటీమీటర్లకు కోసి, వేలెడు దూరానికొకటి చొప్పున రంపంతో అడ్డగాట్లు పెట్టాడు. పిట్టలు వేటకు వెళ్లిన అదను చూసి మూత ఎత్తాడు. నాలుగు పిల్లలూ ఒక మూలకు ముడుచుకున్నాయి. బద్దను రంధ్రం కిందికి ఏటవాలుగా ఆనించి, మూత వేసి, వంటింటి గడప దాకా వెనక్కి వచ్చేశాడు.

ఇరవై నిమిషాలకు మగపిట్ట వచ్చి కొమ్మ మీంచి పిలిచింది. రంధ్రంలో ఒక తల కనిపించింది. ఉదయం పది కాకముందే మూడు పిల్లలు జామచెట్టెక్కాయి. నాలుగోది రెండుసార్లు జారింది. సాయం చేయబోయిన చేతుల్ని ఆయన మోకాళ్ల మీద అదిమిపెట్టుకున్నాడు. పదకొండు దాటాక అది రంధ్రంలోకి వచ్చి దూకింది; కొమ్మ అందక, రెక్కలు కొట్టుకుంటూ ప్రహరీగోడ దాటి అవతల పడింది.

"అక్కా! కోళ్లు!"

"అరవకన్నా. మొదటి పిల్ల ఎల్లంగనే కోళ్లను గంప కింద మూసిన. జర ఊకో, తల్లి వచ్చింది."

గోడ ఆయనకంటే ఎత్తు. దగ్గరికెళ్లి మునివేళ్ల మీద లేచినా ఏమీ కనబడలేదు.

"తింటున్నదా?"

"నోరు తెరిచింది... పెట్టింది. ఇగో, ఎగిరింది, మందారం మీదికి."

"రెక్కలు మంచిగున్నయా?"

"రెండున్నయన్నా, లెక్కవెట్టిన."