తోకలత్త నోరు మెదపని రోజు

ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తోసే ఆవిడను అందరూ తోకలత్త అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో! రోగి బిక్కమొహంతో జబ్బు పేరు చెబితే చాలు, "అంత పొడుగు పేరుతో నీకేం పనమ్మా, దాని చివరి తోక చూడు!" అనేది. టాన్సిలైటిస్, గ్యాస్ట్రైటిస్, బ్రాంకైటిస్... "తోక 'ఐటిస్' అయితే వాపు. తగ్గేదే!" 'ఎక్టమీ' అయితే కోసి తీసెయ్యడం. "పాడైన సామాను బయట పారేస్తారు, అంతే." ఈ చదువంతా పెద్ద నర్సమ్మ చలవే. ఎక్స్‌రే గది చేరేలోపు రోగి నవ్వేసేవాడు.

ఒక్క 'ఓమా' దగ్గర మాత్రం ఆమె నోటికి తాళం పడేది. ఓమా అంటే గడ్డ అని నర్సమ్మ చెప్పింది. తోకలత్త తల్లిని పొట్టన పెట్టుకున్నది కార్సినోమా అనే క్యాన్సరే. అప్పటినుంచీ ఆ తోక వినబడితే తల దించుకుని కుర్చీ తోసుకుపోయేది. పాపం, అబద్ధమాడటం చేతకాని మనిషి.

ఒకరోజు ఆ కుర్చీలో ఆమె మొగుడే కూర్చున్నాడు. బస్సు డ్రైవరు. వీపు మీద బొడిపె లేస్తే బలవంతాన లాక్కొచ్చింది. "ఊరందర్నీ తిప్పుతావు, నన్నోసారి తిప్పవే" అని సరదాపడి ఎక్కాడు. డాక్టరు బొడిపె నొక్కి చూసి, "లైపోమా" అని నర్సుతో అంటుండగానే ప్రమాదం కేసొచ్చిందని పిలుపొస్తే పరుగెత్తాడు.

వరండాలో ఆయన మెడ తిప్పాడు. "ఏమే, తోకేంటో చెప్పవేం?"

ఆమె తల దించుకుని కుర్చీ తోసింది.

"చెప్పవే!"

చక్రాలు కిర్రుమంటూనే ఉన్నాయి. ఆయన కుర్చీ పిడులను గట్టిగా పట్టుకున్నాడు. "మన పిల్లకి ఇప్పుడే చెప్పకు" అన్నాడు మెల్లగా. ఆ మాటకి ఆమె గుండె చెరువైంది.

డాక్టరు తిరిగొచ్చి ఇద్దరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, అది వట్టి కొవ్వు గడ్డమ్మా! ప్రాణానికేం భయం లేదు."

"నాకు కొవ్వెక్కిందని రోజూ నువ్వనేదే కదే, దానికింత ఏడిపిస్తావా!" అన్నాడు మొగుడు. ఆమె ఏడుస్తూనే పకపకా నవ్వింది.

ఇంటి దారిలో ఆయన మళ్ళీ అన్నాడు: "ఆ పేరు వింటే భయమెయ్యలేదే. నువ్వు మాట్లాడకపోయేసరికి హడలిపోయాను." ఆమె నడుస్తున్నది కాస్తా ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎంతమందిని అలా నోరెత్తకుండా తోసిందో!

మర్నాడు కుర్చీలో ఓ ముసలావిడ. "నాదేదో మైలోమా అంటమ్మా. మంచిదేనా?"

తోకలత్త కుర్చీ ఆపి, ముందుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. "నాకు తెలీదు పెద్దమ్మా. డాక్టరు గదిలోకి నేనూ వస్తా, ఇద్దరం కలిసి అడుగుదాం" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.