భీమేశ్వరరావు గారి పుట్టగొడుగుల మేత

మా ఎదురు ఫ్లాటు భీమేశ్వరరావు గారి కంటికి చెత్త అనేది ఆనదు. ఏది చూసినా పుట్టగొడుగుల మేతే.

హఫీజ్‌పేటలో ఈ అపార్టుమెంటుకు నేను వచ్చిన వారానికే, నా స్కూటీకి ఆయిలు మార్పిస్తుంటే పరుగెత్తుకొచ్చారు.

"పారబోయించకు సంయుక్తా! ఆ పాత ఆయిలంటే మా వాటికి ప్రాణం."

"వేటికి బాబాయి గారూ?"

"పుట్టగొడుగులకమ్మా! వాటి తెల్లటి దారాలు మట్టిలోకి పాకి నూనెని నమిలి పారేస్తాయి."

ఆ ఇంట్లో కుర్చీల మీద పుట్టగొడుగులు పెంచే వరిగడ్డి సంచులు కూర్చునేవి, మనుషులు నిలబడేవాళ్ళు. "టీవీ చూడాలన్నా వాటినే కాస్త జరగమనాలి," అనేవారు ఆయన భార్య కనకలక్ష్మి గారు. హైటెక్ సిటీలోని మా ఆఫీసు నుంచి కాఫీ పిప్పి మోసుకొచ్చే పని నా నెత్తిన పడింది. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సంచీ విప్పి, "ఇదేంది మేడమ్, మట్టి తీస్కవోతున్నరు?" అన్నాడు.

"మట్టి కాదన్నా, టిఫిను."

ఆ తరవాత ఎప్పుడూ నా సంచీ విప్పలేదు.

ఒక ఆదివారం జనరేటరు పక్కన డ్రమ్ముడు డీజిలు నేలపాలైంది. వాసనకి అందరికీ తలనొప్పి. సెక్రటరీ మహేందర్ వాచ్‌మన్ రామన్న మీద లేచాడు. "డ్రమ్ముకున్న పంపు కట్టెయ్యలే గదా? ఇగ సామాన్లు సదురుకో."

రామన్న తల వంచుకున్నాడు. అతని భార్య అంజమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అంతలో భీమేశ్వరరావు గారు లుంగీ ఎగ్గట్టుకుని మెట్లు దిగారు.

"అతన్నేమీ అనకండి. నేనే పొయ్యమన్నాను."

"మీరా! ఎందుకు సార్?"

"మా వాటికి ఆకలిగా ఉంటేనూ!"

ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. కమిటీ ఆయన్ని గంటసేపు చీవాట్లు పెట్టి, ఆ నేల బాగుచేసే పని ఆయనకే అంటగట్టింది.

ఆ మట్టిలో పుట్టగొడుగుల దారాలు పాకిన గడ్డి కలిపి, రోజూ నీళ్ళు చల్లుతూ, ఎండకి గొడుగు పట్టుకుని ఆరు నెలలు కాపలా కాశారు. గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు లేచాయి. "కూర వండుకోవచ్చా సార్?" అన్నాడు మహేందర్.

"డీజిలు మీద పెరిగినవయ్యా! తింటే నువ్వు స్టార్టవుతావు."

మట్టిని ల్యాబులో చూపిస్తే డీజిలు చాలావరకు పోయిందన్నారు. "ఈ ఏడు మాత్రం తినేవి వెయ్యకమ్మా," అని ఆయన చెబితే అంజమ్మ అక్కడ బంతి వేసింది.

బతుకమ్మకి ఆ పూలు తెంపుతూ నా చెవిలో ఊదింది. "పంపు కట్టుడు మర్సింది మా ఆయనేనమ్మా. సారు పొయ్యమన్లేదు."

ఎదురింటికి పరుగెత్తాను. "అంత అబద్ధం ఎలా ఆడారు బాబాయి గారూ?"

ఆయన గొంతు తగ్గించారు. "నువ్వు చెబితే ఎవరైనా నమ్మేవారా? ఇలాంటి అబద్ధం అతకాలంటే ముందు ఇరవయ్యేళ్ళు నిజంగా పిచ్చివాడిలా బతకాలమ్మా!"

వంటింట్లోంచి కనకలక్ష్మి గారి కేక వినిపించింది.

"ఇరవై కాదు, ముప్పై నాలుగు!"