మూత మీద నాలుగు బెజ్జాలు

"మా నాన్న ఒక్క ఆదివారం మానకుండా చర్చికెళ్ళారు మామ్మా. ఆ సిలువ తీస్తే ఊరుకోను."

"ఎళ్ళింది గేటు దాకా! ముప్పయ్యేళ్ళలో ఒక్కసారైనా గుమ్మం తొక్కారేటి అన్నయ్యా? అమ్మని దింపేసి, బయట స్కూటరు మీద కూచుని పేపరు చదువుకునీవోరు. నాన్న నాస్తికుడు. సిలువ తీయించండి మామ్మా."

"నాస్తికుడంట! నువ్వు నాస్తికురాలివని ఆయన్ని కూడా నీలో కలిపేసుకుంతన్నావా?"

"నువ్వు భక్తుడివని నువ్వు కలిపేసుకోట్లేదేటి?"

పోయిన ఏడాది, వానలు మొదలైన రోజులవి. సాయంత్రం నాలుగింటికి, ఇంకా వార్నిష్ ఆరని పెట్టె ముందు నిలబడి అన్నాచెల్లెళ్ళు ఇలా కొట్టుకుంటున్నారు. కంచరపాలెంలో రైలు పట్టాలకి దగ్గర్లో శవపేటికలు చేసే కొట్టు మాది. మా ఆయన పోయిన దగ్గర్నుంచి పాతికేళ్ళుగా నేనే నడుపుతున్నాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. కానీ చెక్క మీద వేలితో కొట్టి చూసి, లోపల పుచ్చుందో లేదో చెప్పగలను. మేము హిందువులం. పెట్టె కోసం వచ్చేవాళ్ళు దాదాపు అందరూ క్రైస్తవులు.

తగువుకి మొదటి కారణం నేనే. మా పనికి ఒక వరస ఉంది. ముందు మూత అంచులకి బీడింగ్ కొడతాం. చెక్క కోసిన చోటు కనబడకుండా కప్పే సన్నని పట్టీ అది. తర్వాత పక్కలకి హ్యాండిళ్ళు. ఆఖరున మూత నడుమ సిలువ పెట్టి నాలుగు స్క్రూలతో బిగిస్తాం. ఫలానా జాన్ ప్రసాదు గారికి పెట్టె కావాలని కబురొచ్చింది. పేరు విన్నాను, సిలువ బిగించేశాను. ఎవరినీ అడగలేదు.

జాన్ ప్రసాదు గారు స్టీల్ ప్లాంటులో పని చేసి రిటైరైన మనిషి. కొడుకు డేవిడ్‌కి పోర్టులో ఉద్యోగం. కూతురు సునీత ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుంది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సమాధి చేయాలి. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు, దానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. తేలనిది మూత ఒక్కటే.

"పోనీ ఇంకో మూత చేసెయ్యండి మామ్మా, ఉత్తది," అంది సునీత.

"ఒక మనిసికి రెండు మూతలేటమ్మా? కర్ర సెట్టు నుంచి ఊరికే రాలతందేటి? ముందు ఇది సెప్పు. దేవుడు లేడని మీ నాన్న నోటితో అన్నాడా?"

"అనలేదు. ఉన్నాడని కూడా అనలేదు."

"లేడని అన్లేదు కదా!" అని అందుకున్నాడు డేవిడ్.

నోరు విప్పని మనిషిని చెరో చెయ్యీ పట్టుకుని లాగుతున్నారని నాకప్పుడు అర్థమైంది. స్క్రూడ్రైవర్ తీసి సిలువ ఊడదీశాను. దాన్ని పాత పేపర్లో చుట్టాను. స్క్రూలు వంకరపోలేదు, మళ్ళీ పనికొస్తాయని కొంగున ముడేసుకున్నాను. కొట్టుకి తాళం పెట్టాను.

"పదండి. మీ అమ్మనడుగుతాను."

"అమ్మ మాటాడే స్థితిలో లేదు మామ్మా."

"ఇన్నేళ్ళు కాపరం సేసిన మనిసి. ఆవిడ్ని అడక్కుండా మీరిద్దరూ తేల్సెయ్యడమేటి? పెట్టె నాది. ఆయన మాటేటో తెలీకుండా గుమ్మం దాటనివ్వను."

ఇల్లు రెండు వీధుల అవతలే. ముందు గదిలో ఫ్రీజర్ పెట్టెలో ఆయన పడుకుని ఉన్నాడు. తల దగ్గర కుర్చీలో భార్య రత్నమ్మ, ఒళ్ళో బైబిలు. ఓదార్పు మాటలు నాకు రావు. సూటిగానే అడిగాను.

"అమ్మా, పెట్టె సేసీదాన్ని. నీ పెనిమిటి దేవుణ్ణి నమ్మీవోడా, నమ్మనోడా?"

ఆవిడ తలెత్తింది. "ఆ మాట పెళ్ళైన కొత్తలో నానూ అడిగాను."

"ఏటన్నాడు?"

"తెలీదన్నారు."

డేవిడ్ ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"ల్యాబులో ఉక్కు ముక్కలు పరీక్ష సేసీవోరు కదా. 'ముక్క నా సేతికి రాకుండా బాగుందని రాయను రత్నం, బాగోలేదని కూడా రాయను. నీ దేవుడి సంగతీ అంతే' అనీవోరు. లోపలికి రండంటే, తెలీకుండా తల వంచితే అది మోసం అనీవోరు. పోనీ ఇంటికెళ్ళిపోండంటే, లేడని తెలిసినోడిలాగ ఎలా ఎళ్తాననీవోరు. గేటుకాడే కూచునీవోరు. వానొస్తే గొడుగేసుకుని."

సునీత గోడకి ఆనుకుంది. "అంటే నాన్న నాలాగ కాదు," అంది మెల్లిగా. "లేడని గట్టిగా చెప్పేదాన్ని నేను, ఎథీస్ట్‌ని. తెలీదు అనేవాళ్ళని ఎగ్నాస్టిక్ అంటారు మామ్మా. నాన్న అది."

"తేల్చుకోడానికి భయమన్నమాట," అన్నాడు డేవిడ్.

"భయమైతే లోపలికొచ్చి నా పక్కన కూచునీవోరురా!" రత్నమ్మ గొంతు లేచింది. "చర్చి సంగమంతా నవ్వుతంటే ముప్పయ్యేళ్ళు బయట కూచోడం భయమేటి?"

రోజూ దీపం పెట్టుకునేదాన్ని నేను. దండం పెట్టనివాళ్ళంతా అప్పటిదాకా నాకు ఒకటే జాతి. లేడనేవాడు వేరు, తెలీదనేవాడు వేరని ఆ గదిలో తెలిసింది.

"అయితే సిలువొద్దు," అన్నాను. "బెజ్జాలకి లప్పం పెట్టి పూడ్సేసి, వార్నిష్ కొట్టి సీకటి పడకుండా పంపుతాను."

"పూడ్సకు."

"బెజ్జాలున్న మూత నా కొట్లోంచి ఇంతవరకూ ఎళ్ళలేదమ్మా. సూసినోళ్ళు నన్నంటారు."

"అంటే అననీ. పూడిస్తే సిలువన్నదే ఎప్పుడూ లేనట్టుంటాది. అది సునీత మాట. బిగిస్తే డేవిడు మాట. నాకు ఆయన మాట కావాల."

నేను ఇంకా వాదించాను. సగం పని పంపడం నాకు చేతకాదన్నాను. ఆవిడ కదల్లేదు. చివరికి నేనే తగ్గాను. పాతికేళ్ళలో పని విషయంలో నేను తగ్గింది అప్పుడొక్కసారే.

లేచి వస్తుంటే పిలిచింది. "ఆ సిలువ ఇలాగియ్యి. నా పెట్టెకి పనికొస్తాది. ఆయనకి తెలీలేదు గానీ, నాకు తెలుసు కదా."

పేపరు పొట్లం ఇచ్చాను. కొంగు ముడి విప్పి నాలుగు స్క్రూలూ లెక్కగా ఆవిడ చేతిలో పెట్టాను.

మర్నాడు ఉదయం చినుకులు పడుతున్నాయి. పాస్టరు గారు మూత మీది బెజ్జాలు చూశారు, రత్నమ్మ ముఖం చూశారు, ఏమీ అడక్కుండా ప్రార్థన చేశారు. డేవిడ్ తల వంచాడు. సునీత వంచలేదు. తర్వాత ముందువైపు హ్యాండిళ్ళు చెరొకటి పట్టుకుని ఇద్దరూ పెట్టె ఎత్తారు. నీళ్ళు బెజ్జాల్లోకి దిగుతుంటే నా చెయ్యి సంచిలోని లప్పం డబ్బా మీదకి వెళ్ళింది. డబ్బా తీయలేదు.

పదింటికి కొట్టు తెరిచాను. పదిన్నరకి ఒకాయన వచ్చి, వాళ్ళ అన్నగారికి పెట్టె కావాలని పేరు చెప్పాడు. క్రైస్తవుల పేరే. సిలువ మీదకి పోయే చేతిని ఆపుకుని అడిగాను.

"మీ అన్న దేవుడి గురించి ఏటనీవోడు బాబూ?"